యుద్ధనౌకలో నాలుగు జనరేటర్లున్నా కరెంటు ఎందుకు పోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "ఈఈఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. యుద్ధనౌకలో విద్యుత్ సరఫరా మరింత నమ్మకంగా ఉండాలంటే ఏం చేయాలన్నది నా ప్రాజెక్టు. నాలుగు జనరేటర్లున్న ఓడకు ఐదోది చేర్చి, పక్కన బ్యాటరీ బ్యాంకు పెట్టి, ఎంత మెరుగుపడిందో లెక్క చూపిద్దామనుకుంటున్నాను. ఈ దారి సరైనదేనా?"

ముందు జవాబు చెప్పేస్తాను. ఐదో జనరేటర్ జోలికి పోకండి. ఓడలో కరెంటు పోయేది జనరేటర్లు చాలక కాదు, చాలాసార్లు అవి తిరుగుతుండగానే పోతుంది. కాగితం మీద రెండుగా కనిపించేవి ఎక్కడో ఒకచోట ఒకటే అయి ఉంటాయి. అది ఒకే నీటి తూము కావచ్చు, ఒకే ఇంధన ట్యాంకు కావచ్చు, ఒకే 24 వోల్టుల బ్యాటరీ కావచ్చు, రెండు కేబుళ్ళూ పోయే ఒకే ట్రే కావచ్చు. మనవాళ్ళు "దొందూ దొందే" అంటారే, అదే. ఆ చోట్లు వెతికి విడదీయడమే అసలు పని. బ్యాటరీ బ్యాంకు గురించి చివర్లో రాస్తాను, దానికి వేరే ఉపయోగం ఉంది.

నేను నేవీ ఎలక్ట్రికల్ బ్రాంచిలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి బయటికొచ్చాను. జామ్‌నగర్‌లో ఐఎన్ఎస్ వల్సురాలో శిక్షణ, తర్వాత రెండు తీరాల్లోనూ ఓడలు, చివరి ఏళ్ళు విశాఖలో రీఫిట్ (ఓడను రేవులో ఆపి చేసే పెద్ద మరమ్మతు) పనులు. కింద చెప్పే సంగతుల్లో ఓడల పేర్లు ఉండవు, దయచేసి అడగొద్దు. పేరు పెట్టి చెప్పినవన్నీ ఎప్పుడో లోకానికి తెలిసినవే.

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే ప్రాజెక్టు వైవాలో మిమ్మల్ని పట్టుకునేది అక్కడే. ఉదాహరణకు ఒక జనరేటర్ అవసరమైన సమయానికి పనిచేయకపోయే అవకాశం నూటికి 5 అనుకోండి. ఒక్కటి పనిచేసినా ఓడ గడుస్తుందనుకోండి. రెండుంటే రెండూ పోయే అవకాశం 400కు 1. మూడుంటే 8,000కు 1. నాలుగుంటే 1,60,000కు 1. ఐదైతే 32 లక్షలకు 1. చూడ్డానికి ఎంత బాగుందో! కానీ ఈ గుణకారమంతా "ఒకటి పోవడానికీ ఇంకొకటి పోవడానికీ సంబంధం లేదు" అన్న నమ్మకం మీద నిలబడింది. ఇప్పుడు అన్నిటినీ ఒకేసారి పడగొట్టే ఉమ్మడి కారణం ఒకటి ఉందనీ, దాని అవకాశం నూటికి 1 అనీ అనుకోండి. రెండు జనరేటర్లున్నప్పుడు ఓడలో కరెంటంతా పోయే అవకాశం సుమారు 80కి 1. మూడున్నా, నాలుగున్నా, ఐదున్నా దాదాపు 100కు 1 దగ్గరే ఆగిపోతుంది. ఐదోదాని కోసం పెట్టిన డబ్బు, బరువు, చోటు అన్నీ నీళ్ళపాలు. అదే డబ్బులో పదో వంతు పెట్టి ఆ ఉమ్మడి కారణాన్ని నూటికి 1 నుంచి వెయ్యికి 1కి తెస్తే ఓడ పదింతలు మెరుగు. ఈ ఒక్క గ్రాఫ్ గీసి పెట్టండి, ప్రాజెక్టులో సగం అయిపోయినట్టే.

ఊరి గ్రిడ్‌కూ ఓడకూ ఉన్న తేడా కూడా మనసులో పెట్టుకోండి. మన ఇళ్ళకొచ్చే కరెంటు వెనక దేశమంతటి గ్రిడ్ ఉంది. ఎవరో పెద్ద మోటార్ ఆన్ చేస్తే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఓడలో మెగావాట్ డీజిల్ ఆల్టర్నేటర్ (మీరు జనరేటర్ అన్నది ఇదే) మీద 150 కిలోవాట్ల ఫైర్ పంపును డైరెక్టుగా స్టార్ట్ చేస్తే, మొదటి క్షణాల్లో అది ఆరింతల కరెంటు లాగుతుంది. అంటే దాదాపు ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యం! వోల్టేజీ పడుతుంది, ఎక్కడో కాంటాక్టర్లు (మోటార్లకు కరెంటిచ్చే స్విచ్‌లు) ఊడతాయి, ఎవరూ ముట్టుకోని పంపు ఆగిపోతుంది. మన నేవీలో పాశ్చాత్య పద్ధతి ఓడలు 440 వోల్టులు, 60 హెర్ట్జ్. సోవియట్ మూలాల ఓడలు 380 వోల్టులు, 50 హెర్ట్జ్. పరిమాణం తెలియడానికి ఒక ఉదాహరణ: 2022 సెప్టెంబర్‌లో కొచ్చిలో నేవీలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌లో 3 మెగావాట్ల డీజిల్ ఆల్టర్నేటర్లు 8 ఉన్నాయి, మొత్తం 24 మెగావాట్లు. అంత పెద్ద ఓడైనా సముద్రం మధ్యలో అదో ఒంటరి దీవి. పక్క సబ్‌స్టేషన్ నుంచి లాక్కోవడానికి వీల్లేదు.

"దొందూ దొందే" జబ్బు కొత్తదేం కాదు. 1941 నవంబర్ 13న జిబ్రాల్టర్ దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక ఆర్క్ రాయల్‌కు ఒకే ఒక్క టార్పెడో తగిలింది. అంత పెద్ద ఓడ ఒక్క దెబ్బకు మునగక్కర్లేదు. కానీ దానికి డీజిల్ జనరేటర్లు లేవు, కరెంటంతా బాయిలర్ల ఆవిరి మీద నడిచేదే. బాయిలర్లు పోయాయి, ఆవిరి పోయింది, కరెంటు పోయింది, నీళ్ళు తోడే పంపులూ పోయాయి. ఒరిగి ఒరిగి మర్నాడు పొద్దున మునిగింది. చనిపోయింది ఒక్కరే. పదిహేను వందల మందిని దించగలిగినంత తీరిగ్గా మునిగిందన్నమాట, పంపులు ఆడితే నిలబడేదేమో! ఆవిరితో సంబంధం లేని కరెంటు లేకపోవడం డిజైన్ లోపమని తర్వాత జరిగిన విచారణలో తేలింది. అక్కడ డైనమోలు చాలానే ఉన్నాయి, వాటి వెనక ప్రాణం ఒక్కటే.

నెల తిరక్కుండానే, డిసెంబర్ 10న, మలయా తీరం దగ్గర ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే యుద్ధనౌకకు జపాన్ విమానాల టార్పెడో వెనక భాగంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర తగిలింది. తిరుగుతున్న షాఫ్ట్ అదుపు తప్పి లోపలి గోడల్ని చీల్చింది, నీరు డైనమో గదుల్లోకి చేరింది. ఓడలో ఉన్న 8 డైనమోల్లో సగానికి పైగా పోయాయి. వెనక సగానికి కరెంటు లేదు. పంపులు, స్టీరింగ్, విమానాల్ని కొట్టే 5.25 అంగుళాల తుపాకుల టరెట్లలో కొన్ని, అన్నీ కుంటుపడ్డాయి. కొత్త ఓడ, ఆ ఏడాదే పనిలోకి దిగింది.

ఇక నా కళ్ళతో చూసినవి.

ఒకసారి తీరానికి దగ్గర్లో లంగరేసి ఉన్నాం. రెండు డీజిల్ ఆల్టర్నేటర్లు తిరుగుతున్నాయి, మూడోది స్టాండ్‌బై. రాత్రి రెండున్నరకి ఒకదాని నీటి ఉష్ణోగ్రత అలారం వచ్చింది. నాలుగు నిమిషాల్లో రెండూ ఆగిపోయాయి. మూడోది తనంతట తనే స్టార్టయింది, లోడు తీసుకుంది, "హమ్మయ్య" అనుకునేలోపు అదీ వేడెక్కి ఆగింది. కారణం జెల్లీ ఫిష్. సముద్రపు నీరు లాక్కునే సీ చెస్ట్ (ఓడ అడుగున ఉండే తొట్టి) స్ట్రెయినర్ (జల్లెడ) నిండా జిగురు ముద్ద. డిజైన్‌లో తప్పేమీ లేదు, ఎడమకొకటి కుడికొకటి సీ చెస్ట్‌లున్నాయి. కానీ అంతకు కొన్ని రోజుల ముందు ఏదో పని కోసం మధ్యనున్న క్రాస్ కనెక్షన్ వాల్వు తెరిచి ఒకవైపు చెస్ట్ మూశారు, మళ్ళీ మామూలు స్థితికి తేలేదు. డ్రాయింగ్‌లో రెండు దారులు, వాల్వు దగ్గర ఒకటే దారి. ఆ వాల్వు ఇంజినీరింగ్ వాళ్ళది, చీకట్లో తిట్లు తిన్నది మాత్రం ఎలక్ట్రికల్ వాళ్ళం. ఈ గొడవ ఏ ఓడలోనైనా ఉండేదే. కానీ మీరు సిస్టమ్ గీసేటప్పుడు ఆల్టర్నేటర్ దగ్గర ఆపేయకండి. దానికొచ్చే నీరు, డీజిల్, ఇంజిన్‌ను స్టార్ట్ చేసే పీడన గాలి, గది వెంటిలేషన్ అన్నీ గీయండి.

ఇంకోటి దీనికంటే విచిత్రం. ఇంజిన్లు హాయిగా తిరుగుతున్నాయి, ఓడంతా చీకటి. మెయిన్ స్విచ్‌బోర్డులు ముందొకటి, వెనకొకటి. బ్రేకర్లను (పెద్ద ఆటోమేటిక్ స్విచ్‌లను) నడిపే 24 వోల్టుల కంట్రోల్ సప్లై రెండిటికీ వేర్వేరు బ్యాటరీల నుంచి రావాలి. వెనక ఛార్జర్ ఎప్పుడో పాడైంది. స్పేర్ వచ్చేదాకా అని ఎవరో ముందు బోర్డు నుంచి వెనక్కి తాత్కాలికంగా ఒక తీగ లాగారు. తాత్కాలికం అన్న మాటకు ఓడలో కాలపరిమితి ఉండదు! ముందు బ్యాటరీలో ఒక సెల్ చచ్చిన రోజున రెండు బోర్డుల కంట్రోలూ ఒకేసారి పోయింది. బ్రేకర్లను మూసి పట్టుకునే అండర్‌వోల్టేజ్ కాయిళ్ళు వదిలేశాయి, బ్రేకర్లన్నీ తెరుచుకున్నాయి. మెగావాట్ల యంత్రాల్ని పడగొట్టింది చేతిలో పట్టే ఒక సెల్. అప్పటి నుంచి ఏ ఓడెక్కినా నేను మొదట చూసేది ఆల్టర్నేటర్ కాదు, ఆ బ్యాటరీల తయారీ తేదీ.

సాఫ్ట్‌వేర్ కూడా ఈ కోవలోదే. 1997లో అమెరికా క్రూయిజర్ యార్క్‌టౌన్‌లో ఒక సిబ్బంది డేటాబేస్‌లో సున్నా నమోదు చేశారు. ప్రోగ్రామ్ దాంతో భాగించబోయి కూలింది, నెట్‌వర్కంతా పడిపోయింది, ఓడ రెండున్నర గంటలకు పైగా సముద్రంలో కదలకుండా నిలిచిపోయింది. రెండు కంట్రోలర్లు పెట్టి రెండింట్లోనూ ఒకే ప్రోగ్రామ్ ఎక్కిస్తే, ఒకటి చేసిన తప్పే రెండోదీ చేస్తుంది.

ఇప్పుడు పెద్ద చర్చ: ఆల్టర్నేటర్లను కలిపి నడపాలా, విడివిడిగా నడపాలా? కలిపి నడిపితే లోడు పంచుకుంటాయి, పెద్ద మోటార్ స్టార్టయినా తట్టుకుంటాయి, డీజిల్ కూడా కలిసొస్తుంది. విడదీసి, మధ్యలో రెండు బోర్డుల్ని కలిపే బస్ టై బ్రేకర్ తెరిచి నడిపితే ఒకవైపు ఏమైనా రెండోవైపుకు పాకదు. రేవులోకి వెళ్ళేటప్పుడు, ఇరుకు దారుల్లో, యాక్షన్ స్టేషన్స్ (యుద్ధానికి సిద్ధం కండి) అన్నప్పుడు విడదీయాల్సిందే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కారణం చెబుతాను వినండి.

ఒకసారి రెండు యంత్రాలు కలిసి నడుస్తుండగా ఒకదాని గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని బట్టి ఇంధనం పెంచి తగ్గించే పరికరం) నడిపే ఇంధన ర్యాక్ ఫుల్ దగ్గర బిగుసుకుపోయింది. ఏమవ్వాలి? చెడ్డది ట్రిప్ అయి మంచిది మిగలాలి కదా? అయింది మాత్రం తలకిందులు. చెడ్డది లోడంతా తన మీదకు లాక్కుంది, ఫ్రీక్వెన్సీ పెరిగింది. మంచి యంత్రం బుద్ధిగా తన ఇంధనం తగ్గించుకుంటూ పోయింది. చివరికి కరెంటు ఇవ్వడం మాని పుచ్చుకునే స్థితికొచ్చింది. రివర్స్ పవర్ రిలే (కరెంటు వెనక్కి పారితే పట్టే రక్షణ) ఆ మంచిదాన్ని ట్రిప్ చేసింది. మిగిలిన చెడ్డది వేగం మించి, ఓవర్‌స్పీడ్‌లో తనూ ఆగింది. ప్రతి రిలే తనకు నేర్పినట్టే పనిచేసింది, కలిపి చూస్తే బ్లాకౌట్. వోల్టేజీని అదుపు చేసే ఏవీఆర్ పాడై ఎక్సైటేషన్ (ఆల్టర్నేటర్ అయస్కాంతానికిచ్చే కరెంటు) పెరిగితే వోల్టేజీ విషయంలోనూ ఇలాగే మంచి యంత్రం బలవుతుంది. దీనికి మందు: మొత్తం పవర్ ఎంత, ఒక్కో యంత్రం ఎంత మోస్తోంది అని పోల్చి, పంపకంలో ఎవరు దారి తప్పారో గుర్తించి వాళ్ళనే బయటికి పంపే రక్షణ. మీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి సిమ్యులేషన్ అంశం నాకు కనిపించడం లేదు. మ్యాట్‌ల్యాబ్‌లో రెండు డీజిల్ మోడళ్ళు, ఒకదాని ఇంధనం ఫుల్‌కి లాక్ చేయడం, అంతే.

విడిగా నడపడంలోనూ చిక్కుంది. లోడు సగమై ఒక్కో డీజిల్ 25, 30 శాతం మీద గంటల తరబడి తిరిగితే సరిగ్గా కాలని ఇంధనం, మసి పేరుకుంటాయి, లైనర్లు (సిలిండర్ లోపలి గోడలు) నున్నబడతాయి. నమ్మకం కోసం రెండు నడిపి, రెండిటి ఆరోగ్యాన్నీ పాడుచేసుకోవడం! అందుకే మామూలు ప్రయాణంలో ఎలా, ప్రమాదం ఉన్న చోట ఎలా అన్నది వేర్వేరుగా రాసిపెట్టుకోవాలి, వారానికోసారైనా యంత్రానికి బాగా లోడిచ్చి నడపాలి.

ముఖ్యమైన లోడ్లకు, అంటే స్టీరింగ్, ఫైర్ పంపులు, రాడార్, కమ్యూనికేషన్‌కు, రెండు బోర్డుల నుంచీ సప్లై వచ్చి మధ్యలో, ఒకటి పోతే రెండోదానికి మార్చే ఆటోమేటిక్ ఛేంజోవర్ స్విచ్ ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని పొగుడుతారు. నేను మూడు సంగతులు అడుగుతాను. ఆ రెండు కేబుళ్ళూ ఒకే కంపార్ట్‌మెంట్ గుండా పోతున్నాయా? ఒకటి ఎడమన పైన, ఇంకొకటి కుడిన కింద పోవాలి. రీఫిట్‌లో పని సులువని రెంటినీ ఒకే ట్రేలో వేసిన ఘనులున్నారు. రెండోది, షార్ట్ అయింది లోడులోనే అయితే ఆ స్విచ్ ఏం చేస్తుంది? ఒక బోర్డును పడగొట్టిన జబ్బును తీసుకెళ్ళి రెండో బోర్డుకు అంటిస్తుంది! కాబట్టి ఓవర్‌కరెంట్‌తో సప్లై పోతే ఛేంజోవర్ జరగకుండా లాక్ ఉండాలి. మూడోది, సప్లై తిరిగొచ్చాక ఆ మోటార్ తనంతట తను స్టార్టవుతుందా, ఎవరైనా వెళ్ళి బటన్ నొక్కాలా? లేత్ మెషిన్ తనంతట స్టార్టయితే చేయి పోతుంది, దానికి బటన్ ఉండాలి. స్టీరింగ్ మోటార్ తనంతట స్టార్టవకపోతే ఓడ పోతుంది. అన్నీ ఒకేసారి స్టార్టయినా కష్టమే, వరసగా కొన్ని సెకన్ల తేడాతో రావాలి.

ఈ మూడో ప్రశ్న ఎంత ఖరీదైందో 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో చూశాం. అది యుద్ధనౌక కాదు, డాలీ అనే కంటైనర్ నౌక, సిబ్బందిలో దాదాపు అందరూ మన భారతీయులే. వంతెన దగ్గర కరెంటు పోయి స్తంభాన్ని గుద్దింది, వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చిన మూలకారణం వింటే నమ్మబుద్ధి కాదు. ఒక సిగ్నల్ తీగ చివర తగిలించిన పేరు పట్టీ అడ్డుపడి, తీగ టెర్మినల్‌లోకి పూర్తిగా దూరలేదు. అది వదులై బ్రేకర్ తెరుచుకుంది. కరెంటు మళ్ళీ వచ్చింది కానీ రెండోసారి పోయింది. ఎందుకంటే జనరేటర్లకు డీజిల్ అందించడానికి వాడుతున్న పంపు అసలు ఆ పనికి ఉద్దేశించింది కాదు, ఫ్లషింగ్ పంపు. కరెంటు వచ్చినా అది తనంతట స్టార్టవదు. జనరేటర్లు ఎన్ని ఉన్నాయో అక్కడ ఎవరికీ పనికిరాలేదు.

అందుకే వదులు కనెక్షన్ గురించి నాకు చాదస్తం అంటే అననివ్వండి. ఓడ రాత్రీ పగలూ వణుకుతూనే ఉంటుంది. కేబుల్ చివరల్ని బిగించే లగ్ బోల్టులు వదులవుతాయి, వేడెక్కుతాయి, ఇంకా వదులవుతాయి. లోడు మీద ఉండగా థర్మల్ కెమెరాతో ప్రతి ప్యానెల్ చూడండి. మూడు ఫేజుల్లో ఒక్కటే మిగతా రెండిటికంటే వేడిగా కనిపిస్తే అదే దొంగ. టార్క్ రెంచితో బిగించి, బోల్టు మీద పెయింట్ గీత గీస్తే మళ్ళీ కదిలిందో లేదో కంటికే తెలుస్తుంది. సిగ్నల్ తీగలైతే ఒక్కోదాన్నీ వేలితో మెల్లగా లాగి చూడాలి. రీఫిట్‌లో కుర్రాళ్ళకు ఈ పని చెబితే "ఇంతేనా సార్" అన్నట్టు మొహం పెట్టేవాళ్ళు. ఒక బోర్డులో లాగితే పదకొండు తీగలు చేతికొచ్చాయి. అప్పటి నుంచి ఎవరూ మొహం పెట్టలేదు.

ఎర్త్ ఫాల్ట్ (కరెంటు తీగ భూమికో, ఓడ ఇనుముకో తగలడం) గురించి ఇంకొంచెం నిదానంగా చెప్పాలి, భూమ్మీద చదివిన చదువు ఓడలో తిరగబడేది ఇక్కడే. ఊళ్ళో న్యూట్రల్‌ను ఎర్త్ చేస్తాం, ఫేజు ఎర్త్‌కి తగిలితే ఫ్యూజ్ కొట్టేస్తుంది. యుద్ధనౌకలో 440 వోల్టుల వ్యవస్థను ఓడ ఇనుముకు కలపం, గాలిలో ఉంచుతాం. ఒక ఫేజు ఎక్కడో తగిలినా ఏదీ ట్రిప్ అవదు. దెబ్బలు తింటూ కూడా పంపు ఆడాలి, అందుకు. కానీ ఆ మొదటి ఎర్త్‌ను వెతికి తీసేదాకా మిగతా రెండు ఫేజుల మీద వోల్టేజీ ఇనుముతో పోలిస్తే 1.73 రెట్లుంటుంది, అంటే 254 నుంచి 440. ఎక్కడో బలహీనంగా ఉన్న ఇన్సులేషన్ దానికి లొంగితే రెండో ఎర్త్. అది వేరే ఫేజులో అయిందంటే నేరుగా షార్ట్ సర్క్యూట్, సంబంధం లేని రెండు సర్క్యూట్లు ఒకేసారి పోతాయి. వంటగదిలో హాట్‌ప్లేట్, స్టీరింగ్ గేర్ మోటార్ ఇలా జంటగా పోవచ్చు. ఈ ఉచ్చులో ఉమ్మడి కారణం ఓడ ఇనుమే.

స్విచ్‌బోర్డు మీద మూడు ఎర్త్ దీపాలుంటాయి. మూడూ సమానంగా వెలుగుతుంటే క్షేమం, ఒకటి మందగిస్తే ఆ ఫేజుకు ఎర్త్. ఒక రాత్రి వాచ్ (డ్యూటీ)లో ఒక దీపం మందగించి, మళ్ళీ వెలిగి, మళ్ళీ మందగిస్తోంది. దీపమే పాడనుకుని మార్చాను. అయినా అంతే. కాసేపు చూస్తూ కూర్చుంటే అర్థమైంది, అది ఓడ ఊగే లయతో ఆడుతోంది. ఎడమకు ఒరిగితే మసక, కుడికి ఒరిగితే వెలుగు. మర్నాడు పొద్దున పై డెక్ మీద ఒక జంక్షన్ బాక్స్ తెరిచాం. కేబుల్ లోపలికొచ్చే చోట ఉండే గ్లాండు ప్యాకింగ్ ఎండి చీలింది, లోపల గ్లాసుడు ఉప్పునీరు, ఓడతో పాటు అటూ ఇటూ పారుతోంది. ఐదు నిమిషాల పని, కానీ వెతకడానికి వాచ్ తర్వాత వాచ్ పట్టింది. ఇప్పుడు ప్రతి ఫీడర్‌కూ (బోర్డు నుంచి లోడ్లకు పోయే లైనుకు) ఇన్సులేషన్ మానిటర్ పెట్టి ఏ ఫీడర్‌లో ఎర్త్ ఉందో నడుస్తుండగానే చెప్పే పరికరాలున్నాయి. కొత్త జనరేటర్ ఖర్చుతో పోలిస్తే ఇవి చిల్లర. డబ్బు పెట్టే చోటు చెప్పమంటే మొదట ఇక్కడ పెట్టమంటాను. ఆగి ఉన్న ఆల్టర్నేటర్‌లో చెమ్మ పట్టకుండా పెట్టే హీటర్ పనిచేస్తోందో లేదో చూడటం కూడా ఇందులో భాగమే. మన తూర్పు తీరం చెమ్మకి రెండు వారాలు హీటర్ లేకుండా పడుకున్న యంత్రం మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) రీడింగ్ చూస్తే ఏడుపొస్తుంది.

రిలే సెట్టింగుల మీద ఒక హెచ్చరిక. షార్ట్ అయినప్పుడు దానికి దగ్గరి బ్రేకర్ ముందు తెరుచుకోవాలి, మెయిన్ బ్రేకర్ ఆఖర్న. కాగితం మీద ఈ వరస అందరూ చూస్తారు. కానీ లెక్క ఎన్ని ఆల్టర్నేటర్లు నడుస్తుంటే వేశారు? మూడు కలిసి ఇచ్చే షార్ట్ కరెంటుకు వేసిన సెట్టింగు, లంగరేసి ఒక్కటే నడుస్తున్నప్పుడు అసలు పనిచేయకపోవచ్చు. ఒక్కటి అంత కరెంటు ఇవ్వలేదు కాబట్టి. రెండు పరిస్థితులకూ లెక్కేయండి.

లోడ్ షెడ్డింగ్ విషయంలోనూ అంతే. ఆల్టర్నేటర్ ఒకటి పోతే ముందు వంటగది, లాండ్రీ, ఏసీ కోసేద్దాం అని ప్రతి విద్యార్థీ రాస్తాడు. వంటగది కోయండి, రెండు గంటలు అన్నం ఆలస్యమైతే ఎవరూ చావరు (వంటవాడి నోరు మాత్రం భరించాలి). ఏసీ మాత్రం కోయకండి. యుద్ధనౌకలో చల్లటి నీళ్ళు మనుషుల కోసం కన్నా రాడార్ల కోసం, కంప్యూటర్ల కోసం. ఏసీ ప్లాంటు ఆపిన కొన్ని నిమిషాలకు రాడార్ తనంతట తను వేడికి ఆగుతుంది. కరెంటుంది, కళ్ళు లేవు.

ఇంతా చెప్పి, జనరేటర్లు పెంచడం ఎప్పుడూ తప్పే అంటే అబద్ధమవుతుంది. బ్రిటన్ టైప్ 45 డిస్ట్రాయర్లు చూడండి. ప్రొపెల్లర్లు కూడా కరెంటు మోటార్లతోనే తిరుగుతాయి. రెండు డబ్ల్యూఆర్-21 గ్యాస్ టర్బైన్లు, తోడుగా 2 మెగావాట్ల చొప్పున రెండు డీజిళ్ళు. వేడి సముద్రాల్లో టర్బైన్‌కున్న ఇంటర్‌కూలర్, రిక్యుపరేటర్ (గాలిని చల్లబరిచి, పొగ వేడిని తిరిగి వాడే) భాగంతో ఇబ్బంది వచ్చి టర్బైన్ నెమ్మదిగా తగ్గకుండా ఉన్నట్టుండి ఆగేది. అప్పుడు లోడంతా చిన్న డీజిళ్ళ మీద పడేది, అవి మోయలేక ట్రిప్ అయ్యేవి, ఓడ చీకటి. 2016లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ కూడా దీని మీద గట్టిగా ప్రశ్నలేసింది. చివరికి ఆ రెండు డీజిళ్ళు తీసేసి, 3 మెగావాట్లవి మూడు పెడుతున్నారు. ముందుగా ఈ మార్పు చేసుకున్న డాంట్‌లెస్ 2022లో ట్రయల్స్‌కు వెళ్ళింది. ఇక్కడ జనరేటర్లు పెంచడమే సరైన మందు. ఎందుకంటే అక్కడి జబ్బు వేరు: ఒకటి పోయాక మిగిలినవాటికి మోసే సత్తువ లేదు. కాబట్టి మీ ఓడకు ముందు ఈ ప్రశ్న వేయండి. అతి పెద్దది పోయిన క్షణంలో, లోడ్ షెడ్డింగ్ జరిగేలోపు ఆ సెకను భాగంలో, మిగిలినవి నిలబడతాయా? నిలబడకపోతే సామర్థ్యం పెంచండి. నిలబడితే ఐదోది మరిచిపోండి.

మీ బ్యాటరీ బ్యాంకు ఉపయోగం సరిగ్గా ఆ సెకను భాగంలోనే. గంటల తరబడి ఓడను నడపడానికి కాదు, స్టాండ్‌బై డీజిల్ లేచి లోడు తీసుకునే దాకా, అంటే సుమారు అర నిమిషం, ముఖ్యమైన లోడ్లను మోయడానికి. అలా లెక్కేస్తే బ్యాంకు చిన్నదవుతుంది, ఒక్క ఆల్టర్నేటర్‌తో ధైర్యంగా నడపొచ్చు, తక్కువ లోడు జబ్బూ తగ్గుతుంది. అయితే దాన్ని రెండుగా విడగొట్టి ఒక్కో స్విచ్‌బోర్డు దగ్గర ఒక్కోటి పెట్టండి. లిథియం అయితే మంటల సంగతి, గది వెంటిలేషన్ విడిగా చూడాలి, దాన్ని తెచ్చి మందుగుండు పక్కన పెట్టినట్టు డ్రాయింగ్ వేయకండి. నవ్వకండి, అలాంటి డ్రాయింగ్ ఒకటి నా దగ్గరకు సలహా కోసం వచ్చింది.

పని ఎలా మొదలుపెట్టాలంటే: ఓడ కరెంటు దారులు చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయండి. ఐదు రంగుల పెన్నులు తెచ్చుకోండి. కరెంటు ఒక రంగు, సముద్రపు నీరు ఒకటి, డీజిల్ ఒకటి, 24 వోల్టులు ఒకటి, కంట్రోల్ సిగ్నల్ ఒకటి. ఒక్కో ఆల్టర్నేటర్ నుంచి వెనక్కి నడుస్తూ గీయండి. రెండు గీతలు ఎక్కడ ఒకే పెట్టెలో కలుస్తాయో అక్కడ గుండ్రంగా చుట్టండి. మీ ఫాల్ట్ ట్రీ (ఏది పోతే ఏం పోతుందో చూపే చెట్టు బొమ్మ)లో పై కొమ్మలు ఆ గుండ్రాలే. నాలుగు ఆల్టర్నేటర్ల ఓడకు నేను మొదటిసారి ఇలా గీసినప్పుడు తొమ్మిది గుండ్రాలొచ్చాయి. వాటిలో ఆరింటికి వాల్వు మూయడం, తీగ తీసేయడం, ఒక బ్రేకర్ తెరిచి ఉంచడం తప్ప పైసా ఖర్చు లేదు. మీకెన్ని వచ్చాయో ఇక్కడే రాయండి, డ్రాయింగ్ పెడితే చూస్తాను.